పట్టేసిన నట్టు

బోల్టు మీది మరలకూ నట్టు లోపలి మరలకూ మధ్య తయారీలోనే కొంచెం సందు వదులుతారు. 8 మిల్లీమీటర్ల బోల్టుకు ఆ సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. నట్టు తిరగడానికి ఆ మాత్రం చాలు. తుప్పు మొదలైతే ముందు పోయేది ఆ సందే. తుప్పుగా మారిన ఇనుము తాను అంతకుముందు ఉన్న చోటులో ఇమడదు. అందులో చేరిన ఆక్సిజన్, నీటి పాళ్లను బట్టి రెండింతల నుంచి ఆరింతల దాకా ఉబ్బుతుంది. ఆరుబయట రేకు మీద పట్టిన తుప్పు పొరలుగా లేచి రాలిపోతుంది. మరల మధ్య పుట్టిన తుప్పుకు రాలే దారి లేదు. అక్కడే కూరుకుపోయి నట్టునూ బోల్టునూ చెరో వైపుకూ ఒత్తుతుంది. ఎప్పుడో మామూలుగా బిగించిన నట్టు ఇప్పుడు పానాకు లొంగకపోవడానికి కారణం ఈ ఒత్తిడే. దాన్ని కదిలించే పద్ధతులు ఎన్ని ఉన్నా అవి చేసే పని ఒకటే: కూరుకున్న తుప్పును పగలగొట్టడమో, కరిగించడమో, దానికి కాస్త చోటు కల్పించడమో. పానా మీద చూపే బలం ఆ తర్వాతి సంగతి.

కృష్ణా డెల్టా దిగువన ఉన్న తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతంలో వాహనాలకు ఈ బెడద ఎక్కువ. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 60 శాతం దాటితే ఉక్కు మీద కంటికి కనబడని నీటి పొర ఏర్పడి తుప్పు వేగం పుంజుకుంటుంది. తీరప్రాంతంలో రాత్రి గాలి ఆ హద్దు దాటడం మామూలే. ఉప్పు కలిస్తే హద్దు ఇంకా కిందికి దిగుతుంది. సముద్రపు ఉప్పులో సోడియం క్లోరైడుతో పాటు మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది. అది 33 శాతం ఆర్ద్రత దగ్గరే గాలిలోని తేమను లాక్కుని తడిసిపోతుంది. బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలోని సూర్యలంక తీరానికి తరచూ వెళ్లొచ్చే బండి పైకి పొడిగా కనబడుతున్నప్పుడు కూడా దాని సందుల్లో తడి ఆరదంటే కారణం ఇదే.

అయితే ఈ ఉప్పు గాలి ప్రభావం ప్రాంతమంతటా ఒకేలా ఉండదు. అలల నుంచి లేచే తుంపర్లలో పెద్దవి తీరం దాటాక కొద్ది కిలోమీటర్లలోనే నేలకు దిగిపోతాయి. తెనాలి దాకా గాలిలో వచ్చే ఉప్పు తక్కువ. అక్కడి బండ్లకు ఉప్పు వేరే దారిలో ఎక్కుతుంది. నిజాంపట్నం హార్బరు నుంచి చేపలు, రేపల్లె వైపు చెరువుల నుంచి రొయ్యలు మోసే ట్రాలీ ఆటోల్లో ఐసు కరిగిన నీరు సరుకుకు అంటిన ఉప్పుతో కలిసి తొట్టి కిందికి కారి ఛాసిస్ బోల్టుల మీద, వెనక కమాన్ కట్టల మీద పడుతుంది. ట్రాక్టరు విషయం మరోలా ఉంటుంది. వరి దమ్ములో దిగిన ట్రాక్టరుకు దమ్ము చక్రాల బోల్టులు రోజుల తరబడి బురదనీటిలో నానుతాయి. పని అయ్యాక ఆ బురద కడగకుండా వదిలేస్తే ఎండి పూతలా అంటుకుని, పైకి ఎండినట్టే ఉండి లోపల చెమ్మను పట్టి ఉంచుతుంది. తర్వాతి సార్వా దాకా షెడ్డులో పడి ఉన్న చక్రం బోల్టు ఊడిరాదు.

తుప్పు పట్టడం విద్యుత్ రసాయన చర్య. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త యూలిక్ ఎవాన్స్ 1920ల్లో ఉక్కు పలక మీద ఉప్పునీటి చుక్క వేసి దీన్ని చూపించాడు. చుక్క అంచులకు గాలి బాగా తగులుతుంది కాబట్టి అక్కడ ఆక్సిజన్ ఎక్కువ, నడిమధ్య తక్కువ. గాలి తగిలే చోటే లోహం తినుకుపోతుందని ఎవరైనా అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. నడిమధ్యలోని ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు చేరి అక్కడి ఆక్సిజన్‌నూ నీటినీ హైడ్రాక్సైడ్‌గా మారుస్తాయి. రెండూ కలిసే చోట తుప్పు పేరుకుంటుంది. నట్టులోనూ అంతే. బయటి అంచున గాలి ఉంటుంది, లోపలి మరల్లో గాలి ఆడదు. అందుకే పైన మరక మాత్రమే కనబడే నట్టు లోపల బాగా తినేసి ఉండవచ్చు. ఉప్పులోని క్లోరైడు అయాన్లు ఆ సందులోకి చేరి అక్కడి నీటిని ఆమ్లంగా మార్చి పనిని ఇంకా తొందర చేస్తాయి.

అల్యూమినియం భాగాల్లో బిగించిన ఉక్కు బోల్టులకు ఇంకో చిక్కుంది. రెండు వేరు లోహాలు ఉప్పు తడిలో తాకి ఉంటే చిన్న బ్యాటరీ తయారైనట్టే, అందులో అల్యూమినియం కరుగుతుంది. తుప్పు బదులు తెల్లటి పొడి పుట్టి మరల్లో నిండుతుంది. 1972లో మొదలైన బజాజ్ చేతక్ లాంటి పాత స్కూటర్ల ఇంజిన్ కేసుల్లో, పాత మోటార్‌సైకిళ్ల సైడు కవర్లలో కనబడేది ఇదే. ఇక్కడ బలవంతం చేస్తే బోల్టు కన్నా ముందు కేసు మరలు చిరిగిపోతాయి. బోల్టు పోతే కొత్తది దొరుకుతుంది, కేసు పోతే అంత తేలిగ్గా దొరకదు.

కదలని ప్రతి బోల్టుకూ తుప్పే కారణమని తీర్మానించకూడదు. కొన్నింటిని కంపెనీలోనే మరలకు జిగురు పూసి బిగిస్తారు. అలాంటి గట్టి జిగురు సుమారు 250 డిగ్రీల వేడికి మెత్తబడుతుంది, నూనెకు మాత్రం లొంగదు. కొన్ని ఎడమ మరలవి, అంటే కుడివైపు తిప్పితే ఊడేవి. సైకిల్ ఎడమ పెడల్ అందరికీ తెలిసిన ఉదాహరణ. పాత లారీల్లో కొన్నింటికి ఎడమవైపు చక్రాల నట్లు కూడా ఎడమ మరలవే. తెలియక రెండో వైపు తిప్పుతూ పోతే ఊడదీస్తున్నామనుకుంటూ బిగించినట్టవుతుంది. బయటికి పొడుచుకొచ్చిన మరలను తీగ బ్రష్షుతో రుద్ది, అవి ఏ వైపు వాలి ఉన్నాయో చూస్తే ఈ సందేహం తీరుతుంది. ఆ శుభ్రం ఎలాగూ చేయవలసిందే. బయటి మరల మీది తుప్పు, పెయింటు, మట్టి అలాగే ఉంచి నట్టు తిప్పితే అదంతా లోపలికి చేరి మళ్లీ పట్టేస్తుంది.

ఎంత బలం చాలు, ఎంత ఎక్కువ అన్నది లెక్కకు అందేదే. వాహనాల్లో విరివిగా వాడే 8.8 తరగతి బోల్టును మెలితిప్పితే తెగే కనీస టార్క్‌ను అంతర్జాతీయ ప్రమాణాలు నిర్ణయించాయి: 6 మిల్లీమీటర్ల దానికి 13 న్యూటన్-మీటర్లు, 8 మిల్లీమీటర్ల దానికి 33, 10 మిల్లీమీటర్ల దానికి 66. 20 సెంటీమీటర్ల పానా చివర 17 కిలోల బరువు పడితే 33 న్యూటన్-మీటర్లు వచ్చేస్తాయి. 6 మిల్లీమీటర్ల బోల్టుకు 15 సెంటీమీటర్ల పానా మీద 9 కిలోలే ఎక్కువ. పానాకు మీటరు పొడవు పైపు తొడిగితే 10 మిల్లీమీటర్ల బోల్టును కూడా 7 కిలోల లోపు బలంతో తెంపేయవచ్చు. ఇవన్నీ కొత్త బోల్టుల అంకెలు. తుప్పు తిని సన్నబడిన బోల్టు ఇంకా ముందే తెగుతుంది. పైపు తొడగడం షెడ్లలో అందరూ చేసే పనే, చక్రాల నట్లకు అది చెల్లుతుంది కూడా. సైలెన్సర్ స్టడ్డు దగ్గర, ఇంజిన్ కవరు దగ్గర మాత్రం పైపు మొదటి పనిముట్టు కాకూడదు.

తెగే ముందు బోల్టు చేతికి సంకేతం ఇస్తుంది. తుప్పు విడిపోయే బోల్టు 'టక్'మని ఒక్కసారి చప్పుడు చేసి, వెంటనే మళ్లీ గట్టిగా నిలుస్తుంది. తెగబోయే బోల్టు చప్పుడు చేయదు. పానా మెత్తగా, రబ్బరును మెలిపెట్టినట్టు సాగుతూ తిరుగుతుంది, వదిలితే కొంత వెనక్కి వస్తుంది. ఆ మెత్తదనం తగిలిన చోటే ఆపి వేరే పద్ధతి చూడాలి. అనుభవం ఉన్న మెకానిక్ ఎడమ చేతి బొటనవేలు బోల్టు తల మీద ఆనించి తిప్పడం ఇందుకే. తలా పానా కలిసి తిరుగుతున్నాయా, పానా ఒక్కటే మూలల మీద జారుతోందా అన్నది ఆ వేలికి తెలుస్తుంది.

మూలలు జారడం పాత బండ్లలో తుప్పుకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది. పాత జీపుల్లో, మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలో, పాత బుల్లెట్లలో అంగుళాల కొలతల నట్లు ఉంటాయి. అర అంగుళం తల 12.7 మిల్లీమీటర్లు. దానికి 13వ నంబరు పానా వేస్తే పట్టినట్టే ఉంటుంది, కానీ మిగిలిన 0.3 మిల్లీమీటర్ల వదులు చాలు, గట్టిగా లాగిన మొదటిసారే మూలలు గుండ్రబడతాయి. 12 మూలల రింగ్ పానా కన్నా ఆరు మూలల సాకెట్టు నయం, ఎందుకంటే అది మూలకు దగ్గరగా కాకుండా పక్క మీద బలం మోపుతుంది. స్టార్ స్క్రూల దగ్గర కూడా ఇలాంటి తేడానే ఉంది. 1980ల్లో జపాన్ భాగస్వామ్యంతో వచ్చిన హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి బండ్ల స్క్రూల గాడి జపాన్ ప్రమాణానిది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ దానిలో పూర్తిగా అడుగు తాకదు. బలం పెట్టేకొద్దీ పైకి లేచి గాడిని చెక్కేస్తుంది.

ఇక నూనె. సన్నటి సందులోకి ద్రవం తనంతట తానే పాకడాన్ని కేశనాళికా చర్య అంటారు. అది ఎంత వేగంగా సాగుతుందో ఎడ్వర్డ్ వాష్‌బర్న్ 1921లో సూత్రీకరించాడు. ఆ సూత్రం ప్రకారం ద్రవం ఎంత చిక్కనైతే అంత నిదానం. సందు ఎంత సన్ననైతే అంత నిదానం. పాకవలసిన దూరం రెట్టింపైతే పట్టే కాలం నాలుగింతలు. కిరసనాయిలుతో పోలిస్తే ఇంజిన్ ఆయిల్ చిక్కదనం డెల్టా ఎండల్లో కూడా సుమారు నూరు రెట్లు. కాబట్టి కిరసనాయిలు గంటలో చేరే లోతుకు ఇంజిన్ ఆయిల్ చేరడానికి రోజులు పడుతుంది. డీజిల్ ఈ రెంటికీ మధ్యలో ఉన్నా కిరసనాయిలుకే దగ్గర. పల్లెల్లో నట్టు మీద కిరసనాయిలో డీజిలో పోసి మర్నాటికి వదిలేసే అలవాటుకు ఇంతకన్నా వేరే సమర్థన అక్కర్లేదు. ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి కందెనగా వాడేవారు. ఇరుసుకు అది చక్కటి కందెన. పట్టేసిన నట్టుకు ఆముదం పనికిరాదు, దాని చిక్కదనం ఇంజిన్ ఆయిల్‌నూ మించింది. అక్కడ మెచ్చుకున్న గుణమే ఇక్కడ అడ్డు.

కిరసనాయిలుకు ఒక లోపం ఉంది. అది లోపలికి పోతుంది గానీ తర్వాత ఆవిరైపోతుంది, జారుడు కూడా తక్కువే. అందుకే దాంట్లో కొంచెం ఇంజిన్ ఆయిల్‌నో, పవర్ స్టీరింగ్‌లో వాడే పలచటి ఎర్ర ఆయిల్‌నో కలిపి పోస్తారు. కిరసనాయిలు మోసుకుపోతుంది, ఆయిల్ అక్కడ నిలుస్తుంది. బజారులో దొరికే స్ప్రేలు కూడా ఈ సూత్రం మీద తయారైనవే. వాటిలో అందరికీ తెలిసిన డబ్ల్యూడీ-40 అమెరికాలోని శాన్ డియాగోలో 1953లో పుట్టింది. అట్లాస్ క్షిపణి లోహపు తొడుగుకు తుప్పు పట్టకుండా తేమను తరిమేయడం దాని అసలు పని. నలభయ్యో ప్రయత్నంలో కుదిరిన మిశ్రమం కాబట్టి ఆ అంకె పేరులో చేరింది. తడిని తోసేయడంలో దానికి పేరుంది, బిగుసుకున్న మరలకు మాత్రం అందుకోసమే చేసిన నూనెలు దానికన్నా మెరుగు. ఏ నూనె పోసినా సందులో అప్పటికే నీరు నిండి ఉంటే అది లోపలికి పోదు. వానాకాలంలో పని చేసేటప్పుడు నట్టును ముందు ఎండలోనో, కొద్ది వేడితోనో ఆరనిచ్చి తర్వాత నూనె పోయడం మేలు. రెండు మూడు రోజులు పూటకోసారి కొంచెం కొంచెం పోయడం ఒకేసారి కుమ్మరించడం కన్నా బాగా పనిచేస్తుంది.

నూనె పోసిన నట్టు మీద సుత్తి దెబ్బలు పడితే నూనెకు దారి తెరుచుకుంటుంది. ఉక్కు సాగుతుంది, వంగుతుంది. తుప్పు మాత్రం పెళుసు, వంగదు, చిట్లుతుంది. బోల్టు తల మీద నిటారుగా చిన్న చిన్న దెబ్బలు వేస్తే మరల మధ్య తుప్పులో నెర్రెలు పుట్టి, వాటిలోకి నూనె దిగుతుంది. బోల్టు కొస నుంచి బలంగా కొట్టకూడదు. మరలు నలిగి నట్టు బయటికి రానంటుంది. కొట్టక తప్పకపోతే పాత నట్టు ఒకటి కొస దాకా ఎక్కించి దాని మీద కొడతారు. సుత్తి దెబ్బను తిప్పుడుగా మార్చే ఇంపాక్ట్ డ్రైవర్ స్టార్ స్క్రూలకు మంచి సాధనం. దెబ్బ పడిన క్షణంలోనే అది స్క్రూను కిందికి అదిమి పక్కకు తిప్పుతుంది కాబట్టి గాడి చెడదు. టైర్ల షాపుల్లోని ఎయిర్ గన్ చేసేదీ అదే, సెకనుకు ఎన్నో దెబ్బలు. నిలకడగా పైపుతో లాగిన బలానికి బోల్టు మెలికపడుతుంది. అదే బలం చిన్న దెబ్బలుగా పడితే మెలికపడే వ్యవధి లేక తుప్పు ముందు విడుతుంది.

మొదట కాస్త బిగించే వైపు తిప్పి, తర్వాత ఊడదీసే వైపు తిప్పడం చాలామందికి వింతగా తోస్తుంది. కదలిక ఏ వైపైనా తుప్పుకు అది దెబ్బే. కదిలాక కూడా ఒకే ఊపులో తీయకూడదు. పావు చుట్టు ముందుకు, అందులో సగం వెనక్కి, మళ్లీ నూనె. వెనక్కి తిప్పినప్పుడల్లా ఎర్రటి ముద్ద బయటికి వస్తుంది. అలా రాకపోతే ఆ పొడి లోపలే నలిగి రెండో చుట్టుకల్లా మళ్లీ పట్టేస్తుంది.

నూనె, దెబ్బ రెండూ చాలనప్పుడు వేడి. ఉక్కు డిగ్రీకి పది లక్షల వంతుల్లో 12 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. 10 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న నట్టును 200 డిగ్రీలు ఎక్కువ వేడి చేస్తే రంధ్రం 0.024 మిల్లీమీటర్లు పెద్దదవుతుంది. రంధ్రం చుట్టూ లోహం వ్యాకోచిస్తే రంధ్రం మూసుకుంటుందని కొందరు పొరబడతారు. లోహమంతా ఒకే నిష్పత్తిలో పెరుగుతుంది కాబట్టి రంధ్రం కూడా పెరుగుతుంది. అంకె చిన్నదే అయినా సందు కొలత కూడా వందో వంతుల్లోనే కదా. మంట నట్టు మీద పడాలి, బోల్టు మీద కాదు. రెండూ సమానంగా వేడెక్కితే లాభం లేదు. తుప్పు మీద కూడా వేడి పనిచేస్తుంది. తుప్పులోని గోథైట్ అనే భాగం 250 నుంచి 300 డిగ్రీల మధ్య తనలోని నీటిని కోల్పోయి కుంచించుకుంటుంది. వేడిగా ఉన్నప్పుడు కొవ్వొత్తి అంచు తాకిస్తే మైనం కరిగి నీళ్లలా పలచబడి మరల్లోకి పాకుతుంది. నూనెలాగా పొగ కక్కి మండే ప్రమాదం దానితో తక్కువ, అసలు లేకపోలేదు.

అల్యూమినియం కేసుకు గ్యాస్ మంట అక్కర్లేదు. అది ఉక్కుకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి మరుగుతున్న నీళ్లు పోసినా, హాట్ ఎయిర్ గన్ పట్టినా ఉక్కు బోల్టు చుట్టూ సందు తెరుచుకుంటుంది. పైగా అల్యూమినియం కరిగే ముందు ఉక్కులా ఎర్రబడి హెచ్చరించదు, మంట పట్టిన చోట ఉన్నట్టుండి కుంగిపోతుంది. ఉక్కు బోల్టులకూ వేడి ఖరీదైనదే. 8.8 తరగతి బోల్టులకు బలం వచ్చేది కనీసం 425 డిగ్రీల దగ్గర పదును పెట్టడం వల్ల. ఎర్రగా కాలిన బోల్టు ఆ హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది, దాని పదును పోయినట్టే. ఊడినా దాన్ని మళ్లీ వాడకూడదు. పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపులు, గ్యాసుతో నింపిన షాక్ అబ్జార్బర్లు, గ్యాసు ఆటోల సిలిండరు గొట్టాలు ఉన్న చోట మంట పనికిరాదు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో కడిగిన భాగాన్ని ఆరనివ్వకుండా మంటకు పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. ఒక షెడ్డులో ఒకరు కడుగుతూ మరొకరు వెల్డింగ్ చేస్తుండడం మామూలు కాబట్టి ఇది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇంత చేసినా కొన్ని తెగుతాయి. తెగిన స్టడ్డు కొంచెం బయటికి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి లోపలి నుంచి వెల్డింగ్ చేయడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. వెల్డింగ్ వేడికి తుప్పు చిట్లుతుంది, పట్టుకోవడానికి కొత్త తలా దొరుకుతుంది. కేసుతో సమానంగా తెగితే నడిమధ్య పంచ్ కొట్టి డ్రిల్లు వేయాలి. ఎడమవైపు తిరిగే డ్రిల్లు బిట్టు దొరికితే ఒక్కోసారి డ్రిల్లు వేస్తుండగానే ముక్క బయటికి వచ్చేస్తుంది. ఈజీ అవుట్ అనే సాధనం పేరుకే తేలిక. అది గట్టి పెళుసు ఉక్కు, లోపల విరిగిందంటే మామూలు డ్రిల్లు దాన్ని కోయలేదు, లేత్ షాపు పని అవుతుంది. చెడిపోయిన మరలకు పెద్ద రంధ్రం వేసి తీగచుట్ట దింపితే పాత కొలత బోల్టే మళ్లీ పడుతుంది. మామూలు నట్లయితే ఈ తంటాలేవీ అక్కర్లేదు. ఉలితోనో గ్రైండరుతోనో ఒక పక్క చీల్చి పారేస్తే సరి. నట్టు ఖరీదు కన్నా బోల్టు కూర్చున్న భాగం ఖరీదు ఎప్పుడూ ఎక్కువ.

మరలు లేని చోట్ల కూడా భాగాలు పట్టేస్తాయి. నట్లన్నీ తీసినా చక్రం హబ్ నుంచి రాకపోతే మధ్య వలయంలో తుప్పు పట్టిందని అర్థం. చక్రం లోపలి అంచున చెక్క అడ్డుపెట్టి చుట్టూ మార్చి మార్చి కొడతారు. వానలో నెలల తరబడి నిలిపిన బండికి బ్రేకు షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. డ్రమ్ము చుట్టూ తట్టితే సాధారణంగా విడిపోతాయి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి ఆ పొడిని గాలితో ఊదకుండా తడిపి తుడవాలి. పని లేని రోజుల్లో షెడ్డులో ఉంచిన ట్రాక్టరుకు క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు తుప్పుతో అంటుకోవడం తరచూ జరుగుతుంది. క్లచ్ తొక్కినా గేరు పడదు. పెడల్ నొక్కి ఉంచి కట్టేసి నిలిపితే ప్లేటుకూ ఫ్లైవీలుకూ మధ్య ఎడం ఉండి ఈ సమస్యే రాదు.

ఇంజిన్ పట్టేయడం వీటన్నిటిలో ఓపిక ఎక్కువ కోరేది. మూలన పడి ఉన్న స్కూటరు సిలిండరులో పిస్టన్ రింగులు ఆగిన చోట తుప్పు వలయం ఏర్పడుతుంది. స్పార్క్ ప్లగ్గు తీసి ఆ రంధ్రంలో డీజిల్, ఆయిల్ కలిపి పోసి రోజుల తరబడి వదలాలి. కిక్ మీద ఎగిరి తొక్కితే పిస్టన్ కన్నా ముందు కిక్ గేరు పళ్లు పోతాయి. టాప్ గేరులో వేసి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ ఊపడం మంచి పద్ధతి. పట్టు కాస్త సడలగానే ఊపు విస్తరిస్తుంది. ఇంజిన్ స్టార్టు చేసే ముందు పోసిన ద్రవమంతా బయటికి పోయిందని చూసుకోవాలి. గాలిని నొక్కవచ్చు గానీ ద్రవాన్ని నొక్కలేం, అది లోపల ఉండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సిలిండరు గోడలో గుంటలు పడి ఉంటే బోరింగ్ చేయించి 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్ వేస్తారు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలో బండ్లు పెద్ద సంఖ్యలో మునిగాయి. అప్పుడే ప్రకాశం బ్యారేజీ నుంచి రికార్డు స్థాయిలో 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయి కొల్లూరు, రేపల్లె మండలాల లంక గ్రామాలను ముంచింది. మునిగిన బండికి మొదటి వారమే కీలకం. లోపల నీరుండగా సెల్ఫ్ కొడితే పైన చెప్పిన రాడ్ వంగడమే మిగులుతుంది. ఒండ్రు ఎండకముందే మంచినీటితో కడిగి, ఆరబెట్టి, బయటికి కనిపించే ప్రతి నట్టు మీదా పలచటి నూనె చిలకరిస్తే ఆ తర్వాత పానా సులువుగా తిరుగుతుంది. నది వరద నీటిలో ఉప్పు తక్కువ కాబట్టి ఈ మాత్రం చాలుతుంది. తుఫాను ఉప్పెనలో మునిగిన బండికి ఒక్క కడుగుడు చాలదు. క్లోరైడు పోయేదాకా పలుమార్లు కడగాలి.

బండి నుంచి విడదీసిన భాగాలకు రసాయన పద్ధతులు కూడా ఉన్నాయి. చింతపండు పులుసులో నానబెట్టినా, నిమ్మరసంలో ఉంచినా వాటిలోని టార్టారిక్, సిట్రిక్ ఆమ్లాలు ఇనుప అయాన్లను పట్టుకుని తుప్పును కరిగిస్తాయి. ఇత్తడి బిందెలకు చింతపండు రుద్దడం వెనక ఉన్న శక్తి కూడా ఇలాంటిదే. అయితే బాగా గట్టి ఉక్కు బోల్టులను, స్ప్రింగులను ఆమ్లంలో ఉంచకూడదు. చర్యలో పుట్టిన హైడ్రోజన్ ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేస్తుంది. మామూలు ఉక్కు భాగాలను శుభ్రం చేసే మరో పద్ధతి విద్యుద్విశ్లేషణ. ప్లాస్టిక్ తొట్టిలో బట్టల సోడా కలిపిన నీరు, 12 వోల్టుల బ్యాటరీ చార్జరు, ఒక పాత ఇనుప రేకు ఉంటే చాలు. తుప్పు భాగాన్ని నెగటివ్‌కు, రేకును పాజిటివ్‌కు కలపాలి. తారుమారు చేస్తే తినుకుపోయేది బండి భాగమే. రేకు స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు, దానిలోని క్రోమియం విషంగా మారి నీటిలో కలుస్తుంది. హైడ్రోజన్ బుడగలు పైకి వస్తుంటాయి కాబట్టి ఆరుబయటే చేయాలి, నిప్పు దగ్గరికి రానీయకూడదు.

ఏ పద్ధతికీ లొంగనివి తుక్కులోకి పోతాయి. తెనాలిలో ఆ తుక్కుకు కూడా గిరాకీ ఉంది. సూర్య శిల్పశాలకు చెందిన కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర పాత నట్లు, బోల్టులు, బండి భాగాలు వెల్డింగ్ చేసి విగ్రహాలు తయారుచేస్తారు. 2021లో వారు ఇనుప తుక్కుతో చేసిన 14 అడుగుల ప్రధాని నరేంద్ర మోదీ విగ్రహం పత్రికల్లో ప్రముఖంగా వచ్చింది.

ఊడదీసిన భాగాన్ని తిరిగి బిగించేటప్పుడు చేసే పది నిమిషాల పని తర్వాతి మరమ్మతును తేల్చేస్తుంది. మరలను ట్యాపుతో, డైతో శుభ్రం చేసి గ్రీజు గానీ, రాగి, నికెల్, అల్యూమినియం పొడి కలిపిన యాంటీ సీజ్ పేస్టు గానీ రాయాలి. అల్యూమినియం కేసుల్లో రాగిది వద్దు, ఉప్పు తడిలో రాగి దానికి శత్రువు. జింకు పూత ఉన్న బోల్టులు డెల్టాకు తగినవి, జింకు తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. నట్టు మీద మనం పెట్టే టార్క్‌లో దాదాపు సగం తల కింది రాపిడికి, ఇంకో 40 శాతం మరల రాపిడికి పోయి, బోల్టును నిజంగా బిగించేది 10 శాతమే. గ్రీజు ఆ రాపిడిని తగ్గిస్తే మిగిలే వంతు ఒక్కసారిగా పెరిగి బోల్టు అతిగా సాగుతుంది. అందుకని పొడి మరలకు ఇచ్చిన టార్క్ అంకెలో పావు వంతు వరకు కోత పెడతారు. చక్రాల నట్లకు ఈ లెక్క వర్తించదు. కంపెనీ పొడిగా బిగించమంటే పొడిగానే బిగించి, గ్రీజును హబ్‌కూ చక్రానికీ మధ్య వలయంలో పలుచగా రాసి, 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మరోసారి పానా వేసి చూడాలి.